మహాదేవప్ప పరీక్షలో ఫేలైనవాళ్లు

పాత కారు కొనాలనుకునేవాళ్లు ఏ ఊళ్లోనైనా కారును పరీక్ష చేయించుకుంటారు. జహీరాబాద్‌లో మహాదేవప్ప ఉండే వీధిలో మాత్రం కారు కొనే మనిషే పరీక్షకు నిలబడాలి.

ఆ పరీక్షకు కాగితం లేదు, ఫీజు లేదు. మహాదేవప్ప వచ్చి బానెట్ ఎత్తిస్తాడు. ఇంజను స్టార్ట్ చేయిస్తాడు. జానెడు పొడుగున్న స్క్రూడ్రైవర్ మొనను ఇంజను మీద ఆనించి, పిడిని కుడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని రెండు మూడు నిమిషాలు వింటాడు. ఆ తర్వాత బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి, కొనబోయే మనిషి ఎదురుగా నిలబడి ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు. జవాబు చెప్తే పాస్. చెప్పలేకపోతే, "ఫేల్. పోయి సదువుకొని రా" అని తాళంచెవి అమ్మేవాడి చేతిలో పెట్టి ఇంటికి పోతాడు. ఫేలైన మనిషి ఆ బండిని మళ్లీ అడగరాదు, ఇంకో బండి చూసుకోవాలి. ఈ రూలు ఎవరు పెట్టారని అడిగినవాడు ఇంతవరకు లేడు.

ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఇంజన్లను పరీక్షించే గదిలో ఆయన ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేశాడు. ఆ మోతకు ఎడమ చెవి పోయింది. కుడి చెవి మాత్రం మూడిళ్ల అవతల ఏదైనా కారు టకటకలాడితే పట్టేస్తుంది. అదే కుడి చెవికి భార్య సీతాబాయి వంటింట్లోంచి పిలిచిన పిలుపు అందదు. అది ఎట్లా సాధ్యమో ఆమె పెళ్లయినప్పటి నుంచీ విచారిస్తూనే ఉంది.

"కూరగాయలు తెమ్మంటే ఇనవడది. రోడ్డు మీద బండి దగ్గితే ఇనవడతది" అంటుంది ఆమె.

"బండి ఒక్కసారే దగ్గుతది" అంటాడు ఆయన.

ఆయన పరీక్షల గురించి వీధిలో చెప్పుకునే కథలకు లెక్క లేదు. ఒకసారి మొగుడంపల్లిలో పెళ్లికి వెళ్లాడు. బరాత్ బయల్దేరింది, బ్యాండు మోగుతోంది, పూలతో ముస్తాబు చేసిన కారులో పెళ్లికొడుకు కూర్చున్నాడు. ఈయన చేయి అడ్డం పెట్టి బ్యాండు ఆపించాడు. బానెట్ మీది పూలదండలు పక్కకు తీసి, జేబులోంచి స్క్రూడ్రైవర్ బయటికి లాగాడు. పెళ్లికి కూడా జేబులో పెట్టుకొచ్చాడన్నమాట.

"కొడకా, ఈ బండికి రేడియేటర్ ఫ్యాను ఎప్పుడు తిరగాలె?" అని పెళ్లికొడుకును అడిగాడు.

పెళ్లికొడుకు బాసింగం సర్దుకున్నాడు. పిల్ల తండ్రి చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. "కాకా, గిది కిరాయి బండి. పిలగానికి ఏం ఎరుక?"

"కూసున్నోనికి ఎరుకుండాలె. ఫేల్."

ఇంకేం చేస్తారు? పెళ్లికొడుకును దించి ట్రాక్టరు ట్రాలీలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. బరాత్ బ్రహ్మాండంగా జరిగింది. కిరాయి కారు ఖాళీగా తిరిగిపోతూ ఊరు దాటకముందే పొగలు కక్కి రోడ్డు పక్కన ఆగిపోయింది. పెళ్లికొడుక్కి ఫ్యాను సంగతి తెలియకపోవడం వల్లే బండికి ఆ గతి పట్టిందని పెళ్లిపెద్దలు తేల్చారు.

అందరినీ తికమక పెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. ప్రేమ్‌సాగర్ పాలిటెక్నిక్‌లో మెకానికల్ లెక్చరరు. పిల్లలకు ఇంజన్ల గురించి పాఠం చెప్పడమే ఆయన ఉద్యోగం. ఆయన మహాదేవప్ప దగ్గర రెండుసార్లు ఫేలయ్యాడు. మొదటిసారి, ఇంజను అడుగున ఆయిల్ ఉండే తొట్టికి బోల్టులు ఎన్ని అన్న ప్రశ్న దగ్గర. రెండోసారి క్లచ్ ప్లేటు మందం దగ్గర. ఆటో నడిపే వీరప్ప సంతకం కూడా వంకరగా పెడతాడు, వాడు ఒక్క దెబ్బకు పాసయ్యాడు. వాడిని అడిగిన ప్రశ్న, "హారన్ ఏడుంటది?"

"ముసలాయనకు సదువుకున్నోళ్లంటే పడదు" అని ప్రేమ్‌సాగర్ చెప్పుకు తిరిగాడు. వీధి కూడా అదే నమ్మింది.

మరి ఇంత సతాయింపు ఎందుకు భరించారంటే, దానికీ కారణం ఉంది. మహాదేవప్ప దగ్గర పాసైనవాళ్ల బండ్లు దారిలో ఆగిన దాఖలా ఒక్కటీ లేదు. అది వాళ్లు చదివిన చదువు మహిమ అని అందరి నమ్మకం.

ఇలాంటి మనిషి ఉన్న వీధిలో భాగీరథికి కారు కొనాల్సిన అవసరం వచ్చింది.

భాగీరథి జొన్న రొట్టెలు చేసి అమ్ముతుంది. ఏడేళ్ల కిందట ఒక్కతే మొదలుపెట్టింది, ఇప్పుడు ఆమె దగ్గర ఎనిమిది మంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు. కోహీర్ దాకా ఆమె రొట్టెలు పోతాయి. ఆ వేసవిలో హైవే మీది ఒక ప్రైవేటు కాలేజీ హాస్టలు వాళ్లు రోజుకు నాలుగు వందల రొట్టెలు కావాలన్నారు. జూన్ పన్నెండున హాస్టలు తెరుస్తారు. వార్డెను ఒకటే షరతు పెట్టాడు. "పన్నెండున్నరకు రొట్టెలు గేటు కాడ ఉండాలె. సొంత బండి ఉంటెనే ఆర్డరు. లేకుంటె మెషీన్ రొట్టెలోళ్లు ఎదురుసూస్తున్నరు."

అప్పటిదాకా ఆమె రొట్టెలు వీరప్ప ఆటోలో పోయేవి. ఆటోకు ఏ దోషమూ లేదు. వీరప్పే దారిలో చేయి ఎత్తిన ప్రతివాడినీ ఎక్కించుకుంటాడు. ఒకసారి పన్నెండింటికి చేరాల్సిన రొట్టెలు మూడింటికి చేరాయి, పైన ఒక మేకపిల్ల కూడా కూర్చుని వచ్చింది.

కాబట్టి కారు కొనక తప్పదు. ఏడేళ్లలో కూడబెట్టింది ఒక్క పాత కారుకే సరిపోతుంది. అది మొరాయిస్తే రెండోది కొనే దారి లేదు. పన్నెండో తారీకు లోపల కొనకపోతే ఆర్డరు పోతుంది, దాంతోపాటు ఎనిమిది మంది పని పోతుంది. ఆమె డ్రైవింగ్ నేర్చుకుంది, లైసెన్సు తీసుకుంది. భర్త సురేశ్ విత్తనాల దుకాణంలో పనిచేస్తాడు, నెమ్మదైన మనిషి. "నాకు బండి ముందట కూసునుడే వస్తది, నడుపుడు నువ్వే నేర్చుకో" అని మొదటే చెప్పేశాడు.

మొదటి బండి గిర్ని చంద్రప్పది. భాగీరథి జొన్నలు ఆడించుకునేది ఆయన గిర్నిలోనే. తెల్ల డీజిల్ కారు, పైన గీత లేదు, లోపల సీట్లకు కవర్లు కూడా తీయలేదు. చంద్రప్ప కారును కడిగి, నిమ్మకాయ కట్టి మరీ తెచ్చాడు. భాగీరథికి చూడగానే మనసు పడింది. రొట్టెల గంపలు వెనక ఎట్లా సర్దాలో కూడా అనుకుంది.

పిలవకుండానే మహాదేవప్ప వచ్చాడు. విన్నాడు. ఆయిల్ పోసే మూత తిప్పి చూసి మళ్లీ బిగించాడు. బండి చుట్టూ తిరిగాడు.

భాగీరథి అప్పటికే సురేశ్ ఫోన్‌లో చూసి చెప్పినవన్నీ బట్టీ పట్టింది. ఎన్ని సీసీల ఇంజను, ఎన్ని సిలిండర్లు, ఎంత ఆయిల్ పడుతుంది, లీటరుకు ఎంత పోతుంది, అన్నీ నాలుక చివర ఉన్నాయి.

"బిడ్డా" అన్నాడు మహాదేవప్ప. "ఈ ఇంజన్ల నీళ్లు ఏడికెల్లి బయల్దేరి, ఏడేడ తిరిగి, మల్ల ఏడికొస్తయి?"

ఆమె నోరు తెరిచింది. రేడియేటర్ అంది. ఆ తర్వాత నీళ్లు ఎటు పోతాయో ఆమెకు తెలియలేదు.

"ఫేల్. పోయి సదువుకొని రా."

చంద్రప్ప నిమ్మకాయ ఊగుతున్న తెల్ల కారును వెనక్కి తోలుకుపోయాడు. "ఏంజేస్తం బిడ్డా, నీ నసీబుల లేదు. ముసలాయనకు తిక్క" అని ఆమెనే ఓదార్చాడు. భాగీరథికి ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాటి నుంచి రొట్టెల షెడ్డులో ఇంజను చదువు మొదలైంది. పొయ్యిలు నాలుగు. నాలుగు సిలిండర్ల ఇంజన్లో ఏ సిలిండరు తర్వాత ఏది మండుతుందో గుర్తుండాలని భాగీరథి పెనాల మీద రొట్టెలు అదే వరుసలో వేయించింది. ఒకటి, మూడు, నాలుగు, రెండు. వారం తిరిగేసరికి ఎనిమిది మంది ఆడవాళ్లకూ ఆ వరుస అలవాటైపోయింది. శోభారాణి అనే ఆమె పొరపాటున ఒకటి తర్వాత రెండో పెనం మీద వేస్తే మిగతా వాళ్లు ఊరుకోలేదు.

"అక్కా, ఇంజన్ ఆగిపోతది. మూడో దాని మీద ఎయ్యి."

"రొట్టె కాలేది పొయ్యి మీద గాని ఇంజన్ మీద కాదు" అని శోభారాణి గొణిగింది. గొణిగి, తర్వాతది మూడో పెనం మీదే వేసింది.

నీళ్ల దారి నేర్చుకుంది. ఆయిల్ దారి నేర్చుకుంది. సురేశ్ దుకాణంలో విత్తనాల సంచుల మీద కూర్చుని ఫోన్‌లో చదివి, మాటలు రికార్డు చేసి పంపేవాడు. "హార్స్ పవర్ అంటె..." అని మొదలుపెట్టేవాడు, మధ్యలో "కందులా? కిలో సంచి ఉంది, తీస్కో" అని ఎవరికో చెప్పేవాడు, మళ్లీ హార్స్ పవర్‌కు వచ్చేవాడు. కందులతో సహా ఆమె అంతా బట్టీ పట్టింది.

రెండో బండి బయటివాళ్లది కాదు. సురేశ్ అన్న జగదీశ్‌ది, అంటే ఆమెకు బావ. వెండి రంగు పెట్రోల్ కారు. మూడేళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక పాత బండ్ల బేరగాడి దగ్గర కొన్నాడు. ఆ బేరం గురించి చుట్టాలందరికీ కనీసం నాలుగేసిసార్లు చెప్పాడు.

"నేను కొన్ననాడు నలభై వేలు. ఇయ్యాల నలభై ఎనిమిది వేల కిలోమీటర్లు. మీటరు సూస్కో. కొత్త పెండ్లికూతురు లెక్కుంటది. ఇంటిదానివని నీకిస్తున్న, బయటోళ్లకైతే ఇయ్య."

జూన్ ఒకటో తారీకు అయింది. మహాదేవప్ప వచ్చాడు. విన్నాడు. డ్రైవర్ వైపు తలుపు తెరిచి లోపలికి తొంగిచూశాడు. చాలాసేపు చూశాడు.

భాగీరథి సిద్ధంగా ఉంది. నీళ్ల దారి అడుగు, చెప్తాను అన్నట్టు నిలబడింది.

"బిడ్డా, బ్రేకు పెడలుకు రబ్బరుంటది గద. అది ఎన్ని వేల కిలోమీటర్లకు అరుగుతది?"

వీధి వీధంతా గొల్లుమంది. ఇదేం ప్రశ్న? ఏ ఫోన్‌లో ఉంటుంది ఇది? ప్రేమ్‌సాగర్ అటుగా పోతూ ఆగి, "ఇది సిలబస్‌ల లేదు సార్" అన్నాడు.

"కాకా, గిదేం సవాలు?" అంది భాగీరథి. "ఇంజన్ సంగతి అడుగు, చెప్త."

"ఫేల్. పోయి సదువుకొని రా."

ఈసారి భాగీరథికి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి. ఇంటి బండి, సొంత బావ బండి, పెడలు రబ్బరు కోసం పోయింది. జగదీశ్ మహాదేవప్పను నానా మాటలు అన్నాడు. ఆయన ఎడమ చెవి ఇటు తిప్పి నిలబడి అన్నీ విన్నాడు, అంటే ఏదీ వినలేదు.

జూన్ ఏడున జొన్నల మూట తీసుకుని భాగీరథి గిర్నికి వెళ్లింది. గిర్ని ఆగి ఉంది. చంద్రప్ప కనపడలేదు. వెనక దొడ్లో ఏదో చప్పుడైతే అటు వెళ్లింది. తెల్ల కారు బానెట్ లేచి ఉంది, ఇంజను సగం విప్పి గోనెపట్టా మీద పరిచి ఉంది. పక్కన పానాల డబ్బా. కారు కింది నుంచి రెండు కాళ్లు కనిపిస్తున్నాయి. ఆ కాళ్లకున్న చెప్పుల్ని వీధిలో ఎవరైనా గుర్తుపడతారు. చంద్రప్ప చేతిలో పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. పళ్లెంలో ఉన్నది ఇంజన్ ఆయిల్ అంటే నమ్మడం కష్టం. చిక్కటి మజ్జిగలా తెల్లగా ఉంది.

భాగీరథిని చూసి చంద్రప్ప గతుక్కుమన్నాడు. "ఎవ్వరికి చెప్పకు బిడ్డా. ఇంజన్ల నీళ్లు పోయి ఆయిల్ల కలుస్తున్నయంట. నడిమిట్ల పొర ఒకటి కాలిపోయిందంట. నాకు అస్సలు ఎరుక లేదు, దేవుని తోడు."

"ఎవరు చెప్పిన్రు?"

"ఇంకెవరు? కాకనే. నువ్వు ఫేలైన్నాడే సందెకు వచ్చి చెవుల చెప్పిండు. సామాను దొరికేసరికి ఇన్ని రోజులాయె. కూలి తీసుకోడంట, చాయ్ తాగుతనన్నడు."

"కాకా" అని పిలిచింది భాగీరథి.

కాళ్లు కదలలేదు. ఆయన ఎడమ చెవి పైకి ఉండేట్టు పక్కకు తిరిగి పడుకున్నాడు.

జొన్నల మూట అక్కడే వదిలి ఆమె నేరుగా బావ ఇంటికి పోయింది. చెవి కమ్మ పడిపోయిందేమో చూస్తానని చెప్పి వెండి రంగు కారు తలుపు తెరిచి వంగింది. బ్రేకు పెడలు రబ్బరు అరిగి అరిగి, మూల దగ్గర లోపలి ఇనుము మెరుస్తోంది. భాగీరథికి ఇంజన్ల సంగతి కొత్తగా తెలిసి ఉండవచ్చు, అరుగుదల సంగతి మాత్రం బాగా తెలుసు. ఏడేళ్లు రొట్టెలు తట్టిన పీట ఆమె ఇంట్లో ఉంది. నలభై ఎనిమిది వేల కిలోమీటర్లకు రబ్బరు ఇట్లా కాదు. ఆ మీటరును ఎవరో వెనక్కి తిప్పారు. బావకు ఆ సంగతి తెలియదు, తెలిస్తే ఆ బేరం గురించి అన్నిసార్లు చెప్పేవాడు కాదు.

ఆమె అక్కడే సీటు అంచున కూర్చుండిపోయింది. నీళ్ల గురించి అడిగిన బండిలో నీళ్లు చెడ్డాయి. పెడలు గురించి అడిగిన బండిలో పెడలు అబద్ధం బయటపెడుతోంది. పెళ్లి బండి ఫ్యాను గుర్తొచ్చింది. హారన్ ఎక్కడుందో చెప్పి పాసైన వీరప్ప ఆటో గుర్తొచ్చింది. అది ఆరేళ్లుగా మేకపిల్లలతో సహా తిరుగుతూనే ఉంది. ముసలాయన ఇన్నాళ్లూ మనుషుల్ని ఫేల్ చేయలేదు, బండ్లను ఫేల్ చేశాడు.

ముందు ఆమెకు కోపమే వచ్చింది. నోరు తెరిచి బండి మంచిది కాదు అంటే ఏం పోయింది? ఆ మాటే అడుగుదామని ఆయన ఇంటికి పోయింది. ఆయన ఇంకా గిర్ని దగ్గరే ఉన్నాడు. సీతాబాయి చిక్కుడుకాయలు తుంచుతోంది.

"చిన్నమ్మా, కాక ఉన్నదున్నట్టు చెప్పొచ్చు గద. నన్నెందుకు నలుగుట్ల నవ్వులపాలు జేసుడు?"

సీతాబాయి ఆమెను ఒకసారి ఎగాదిగా చూసింది. "తెల్సిందా నీకు? నాకు దప్ప ఎవ్వరికి తెల్వదనుకున్న. కూసో." చిక్కుడుకాయలు కొన్ని ఆమె ముందుకు తోసింది. "ఉన్నదున్నట్టే చెప్పేటోడు ముందుగాల. కోహీర్‌ల ఇద్దరు వియ్యంకులు. ఒకాయన బండి ఇంకొకాయన కొంటున్నడు. ఈయన స్క్రూడ్రైవర్ వెట్టి ఇని, పదిమందిల, 'బండి ఖరాబున్నది, కొనకు' అన్నడు. అమ్మెటాయన నన్ను దొంగను జేస్తవా అన్నడు. కొనెటాయన నిజంగనే దొంగవేమో అన్నడు. నడుమ పిల్లను పుట్టింటికి పంపిన్రు. ఆర్నెల్లు పట్టింది మల్ల కలువనీకి."

"కలిసిన్రా?"

"కలిసిన్రు. కలిసి దావత్ జేసుకున్నరు. ఈయన్ని పిలువలే." సీతాబాయి ఆ దావత్ పోయినందుకు ఇప్పటికీ నొచ్చుకుంటున్నట్టే ఉంది. "అప్పటిసంది గీ పరీక్షలు వెట్టిండు. కొనెటోడు ఫేలైతే ఎవ్వరికి కొట్లాట లేదు. నవ్వుకుంటరు, తిట్టుకుంటరు, తిట్లన్ని ఈయనకే. ఈయనకు ఎట్ల గూడ ఇనవడది."

భాగీరథి చిక్కుడుకాయలన్నీ తుంచి పెట్టి లేచి వచ్చింది. చంద్రప్పతో మాట చెడితే తనకు పిండి ఆడించుకోవడానికి ఇంకో గిర్ని లేదు. బావతో మాట చెడితే సురేశ్‌కు అన్న లేడు. అది తలుచుకుంటే ఆమెకు ముసలాయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. కానీ బండి మాత్రం ఇంకా దొరకలేదు, ఐదు రోజులే మిగిలాయి.

తొమ్మిదో తారీకున హెడ్మాస్టరు జగన్‌మోహన్ సారు తన కారు అమ్ముతానని కబురు పంపాడు. సారు రిటైరయ్యాడు, కళ్లు సరిగా ఆనడం లేదు. వీధిలోకి ఆ కారు వచ్చినప్పుడు ఎవరూ లేచి నిలబడలేదు. పదమూడేళ్ల నాటి పెట్రోల్ కారు, ఒకప్పుడు ఆకుపచ్చది అయి ఉంటుంది. ఎండకు వెలిసి ఏ రంగూ కాకుండా పోయింది. కుడి పక్క ముందు తలుపు ఎప్పుడో దెబ్బతిని మార్చారు, అది ఎర్రగా ఉంది. అద్దాలు దించాలంటే చేత్తో తిప్పాలి.

"గీ డొక్కు బండిల నా రొట్టెలు పోవాల్నా?" అని శోభారాణి మొహం మీదే అంది.

మహాదేవప్ప వచ్చాడు. బానెట్ ఎత్తించాడు. ఆయిల్ మూత తీసి వేలితో తడిమాడు. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకున్నాడు. వీధి సగం అక్కడే ఉంది, ఎనిమిది మంది రొట్టెల ఆడవాళ్లూ పిండి చేతులతోనే వచ్చారు. మెల్లగా ఒకామె, "ఒకటి, మూడు, నాలుగు, రెండు" అని భాగీరథికి గుర్తు చేసింది.

అందరూ భాగీరథి జవాబు కోసం ఎదురుచూస్తున్నారు. ఆమె ప్రశ్న కోసం ఎదురుచూస్తోంది. గేరు బాక్సు అని అడిగాడా, గేరు బాక్సు పోయినట్టే. పిస్టను అని అడిగాడా, ఆర్డరు పోయినట్టే.

ఆయన వింటూనే ఉన్నాడు. రెండు నిమిషాలు దాటింది, మూడు దాటింది. బండి కిందికి వంగి చూశాడు. లేచాడు. పెడళ్లు చూశాడు. వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"బిడ్డా, ఈ బండి రంగేంది?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వీధి అంతా నవ్వు. ప్రేమ్‌సాగర్ అయితే "ఇది అన్యాయం" అని పైకే అన్నాడు. భాగీరథి కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని అడిగింది.

"ఏ డోరు రంగు జెప్పాలె కాకా?"

మహాదేవప్ప మొహంలో ఏదో కదిలింది. నవ్వేనేమో. ఆయనకు నవ్వడం అంత అలవాటు లేదు, కాబట్టి గట్టిగా చెప్పడం కష్టం. ఆమె వైపు ఒక్క చూపు చూశాడు. ఆమె కూడా చూసింది.

"పాస్" అన్నాడు.

పన్నెండో తారీకు పన్నెండు గంటల ఇరవై నిమిషాలకు ఒక వెలిసిన ఆకుపచ్చ కారు, ఎర్ర తలుపుతో, హాస్టలు గేటు ముందు ఆగింది. నాలుగు వందల రొట్టెలు వెచ్చగా దిగాయి. ముందు సీట్లో సురేశ్ కూర్చుని ఉన్నాడు, తనకు వచ్చిన పని తాను చేస్తూ.

ఆ వారంలోనే జగదీశ్ బావ దారిలో కనపడి ఆపాడు. "ఇంటి బండి వద్దని ఆ డొక్కు బండి కొన్నవా?" అన్నాడు. మనసు కష్టపెట్టుకున్నాడని మాటలోనే తెలుస్తోంది.

భాగీరథికి మాట నాలుక చివరి దాకా వచ్చింది. పెడలు, మీటరు, హైదరాబాద్ బేరగాడు, అన్నీ వచ్చాయి. మింగేసింది.

"నేనేం జేసేది బావా? ఫేలైన గద. నాకు పెడల్ సంగతి రాలే."

జగదీశ్ మెత్తబడ్డాడు. "ఫికర్ వెట్టుకోకు. అందరికి సదువు అబ్బదు" అని ధైర్యం చెప్పి పోయాడు. ఈ పని మహాదేవప్ప ఇన్నేళ్లుగా నోరు మూసుకుని చేస్తున్నాడంటే, పైకి కనపడేంత తేలిక కాదని ఆమెకు ఆ రోజు తెలిసొచ్చింది.

ఆగస్టులో ఒక ఉదయం రొట్టెల గంపలు ఎక్కించుకుని బయల్దేరబోతుంటే వీధి మధ్యలో గుంపు కనపడింది. జగదీశ్ వెండి రంగు కారు నిలబడి ఉంది. కొనడానికి వచ్చినవాడు ప్రేమ్‌సాగర్. రెండుసార్లు ఫేలై, మూడోసారి కోసం నెల రోజులు చదివాడట. చంకలో ఒక లావుపాటి పుస్తకం కూడా ఉంది.

"సారూ, ముందుగాల ఒక మాట" అంటున్నాడు జగదీశ్. "మీటరు నమ్మకు. అది లక్షన్నర తిరిగిన బండి. నాకు గూడ మొన్ననే తెల్సింది. టైమింగ్ బెల్టు కొత్తది ఏయించిన, నీళ్ల పంపు మార్పిచ్చిన, ఇగో బిల్లు." ఎవరు చెప్తే తెలిసిందో మాత్రం అనలేదు. ఎప్పుడో ఒక సందెవేళ ఆయన చెవిలో కూడా ఎవరో మాట వేసి ఉంటారు. చెప్పినవాడిని జగదీశ్ ఇప్పుడు తిట్టడం లేదు.

మహాదేవప్ప స్క్రూడ్రైవర్ చెవి నుంచి తీశాడు. బండి చుట్టూ తిరిగి వచ్చాడు. ప్రేమ్‌సాగర్ గట్టిగా ఊపిరి పీల్చుకుని పుస్తకం కింద పెట్టాడు.

"లెక్చరర్ సాబ్, ఈ బండికి టైర్లు ఎన్ని?"

ప్రేమ్‌సాగర్ తెల్లబోయాడు. ఏదో మెలిక ఉందనుకుని వంగి ఈ పక్క చూశాడు, ఆ పక్క చూశాడు, వేళ్లు మడిచాడు. చివరికి నుదుటి చెమట తుడుచుకుని, "నాలుగు" అన్నాడు.

గుంపు గొల్లుమంది. డిక్కీలో ఉన్న స్టెప్నీని లెక్చరరు మరిచిపోయాడు. మూడోసారి కూడా పోయిందని ప్రేమ్‌సాగర్ పుస్తకం ఎత్తుకోబోయాడు.

"పాస్" అన్నాడు మహాదేవప్ప. తాళంచెవి ఆయన చేతిలో పెట్టి ఇంటి దారి పట్టాడు.

"అరే, ఐదు గద" అని వీరప్ప వెనక నుంచి అరిచాడు. "తప్పు జెప్పినోనికి పాస్ ఎట్లిస్తవ్ కాకా?"

మహాదేవప్ప ఎడమ చెవి ఇటే ఉంది. ఆయన నడుస్తూనే పోయాడు. వీధి మొత్తం అదేం న్యాయమని వాదులాడుకుంటూ ఉండిపోయింది. భాగీరథి మాత్రం ఎర్ర తలుపు లోపల స్టీరింగు మీద తల ఆనించి, రొట్టెలు చల్లారిపోతాయని సురేశ్ రెండుసార్లు గుర్తు చేసేదాకా నవ్వుతూనే ఉంది.